తాతల జీవనోపాధి: జనాభా లెక్కల సాక్ష్యమెంత?

మన గృహములలో ఆబ్దికము పెట్టునాడు మూడు తరముల పేర్లు గోత్రసహితముగా ఉచ్చరింపబడును. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. పేరు మఱవక, గోత్రము తప్పక పిండప్రదానము చేసిన గృహస్థును ఆ సాయంకాలమే పలుకరించి, ‘అయ్యా, మీ తాతగారు ముప్పదియవ యేట ఏమి పని చేసి సంసారము గడిపిరి? కూలికా, పాలుకా, జీతమునకా? ఎవరియొద్ద?’ అని యడిగినచో, ఆయన తాతగారి ముక్కోపమును గూర్చి చెప్పును. పొరుగూరివారితో నడచిన వ్యాజ్యెమును గూర్చి చెప్పును. నేయి వడ్డింపనిదే తాతగారు విస్తరి ముట్టెడివారు కారని చెప్పును. అడిగిన ప్రశ్నకు మాత్రము ‘ఏదో వ్యవసాయము’ అని యూరకుండును. పిచ్చుకుంట్లవారు రెడ్ల ముంగిళ్ళలో వంశావళిని ఏకరువు పెట్టునపుడును గోత్రములు, ఇంటిపేర్లు, పూర్వుల దానశౌర్యములు వినవచ్చునే గాని, ఎవడెన్ని పుట్లు పండించెనో, ఎవని కాడి యే యేట అమ్ముడుపోయెనో వినరాదు. కుటుంబస్మృతి స్వభావమును దాచికొని జీవనోపాధిని జారవిడుచును.

ఈ లోటు పూరించుకొనుటకు పాశ్చాత్యదేశములలో తాతముత్తాతల జాడ వెదకువారు మొట్టమొదట ఆశ్రయించునవి పూర్వపు జనాభా లెక్కల పుస్తకములు. పదేండ్లకొకమారు రాజ్యము ఇంటింటికి వచ్చి పేరు, వయస్సు, పుట్టిన చోటు, వృత్తి అడిగి వ్రాసికొనిపోయిన కాగితములవి. వాని విలువ యెంత, వానిని చదువు తీరెట్టిది, అట్టివి మనకు కలవా, లేనిచో వానికి బదులేమి అను విషయములను ఇచట విచారింపదలచితిని. ఏ రాజ్యమును తన ప్రజల మనుమలకు కథ చెప్పుటకై లెక్కలు వ్రాయింపలేదు. వృత్తి యను గడిలోని సమాధానమునకు వెనుక అధికారి వేసిన ప్రశ్న యొకటి యుండును. ఆ ప్రశ్న పదేండ్లకొకమారు మాఱుచుండును. తాత పని మాఱినదని మనము భ్రమించు చోట్ల పెక్కింట మాఱినది ప్రశ్నయే. ఈ సంగతి మనసున నిలుపుకొనక ఆ పుస్తకములు తెఱచువాడు మోసపోవును.

ఇంగ్లండులో 1801 నుండి లెక్కలున్నను మొదటి నాలుగింటిలో తలల సంఖ్యయే ప్రధానము. ప్రతి మనిషి పేరును వ్రాయుట దేశమంతట నియమమైనది 1841 లో. ఆ యేడు పదునైదేండ్లు దాటినవారి వయస్సును ఐదేండ్ల మెట్టునకు దించి వ్రాయుమని ఉత్తరువు. అందుచే ముప్పదినాలుగేండ్లవాడు ముప్పదియేండ్లవాడై కాగితమెక్కెను. 1851 లో సరియైన వయస్సు, ఇంటి యజమానితోడి సంబంధము, పుట్టిన ఊరు చేరినవి. 1891 లో వృత్తి ప్రక్కన ఆ మనిషి పని యిచ్చువాడా, ఒకరియొద్ద పని చేయువాడా, రెండును కాడా యని గడులు వెలసినవి. 1901 లో ఇంటియొద్దనే పని చేసికొనువారెవరో తెలుపుమనిరి. 1911 లో ఆ పని ఏ పరిశ్రమకు చెందినదో విడిగా అడిగిరి. 1921 లో యజమాని పేరును, పని చేయు స్థలమును గూడ వ్రాయవలసివచ్చెను. పని పోయినవాడు తన కడపటి యజమానిని పేర్కొని, తనకు పని లేదని చేర్చవలెను. ఆ యేటి లెక్క ఏప్రిలులో జరుగవలసినది బొగ్గుగనుల సమ్మె కారణముగా జూన్ 19 వఱకు వాయిదాపడెను. నూఱేండ్లు గడచువఱకు ఇతరులకు చూపరాదను నియమముచే ఆ పత్రములు 2022 జనవరిలో గాని వెలుగు చూడలేదు.

వీనిలో 1911 నాటి పత్రమునకు ప్రత్యేకమైన ఆకర్షణ కలదు. అంతకు ముందు ఇంటింట నింపిన పత్రములు నశించి, గణకుడు వానిని చూచి యెత్తివ్రాసిన పుస్తకములే నిలిచినవి; 1911 లో గృహయజమాని స్వహస్తముతో నింపిన కాగితమే మిగిలినది. తాత చేవ్రాలు, తాత అక్షరదోషములు, తాత కొట్టివేతలు మనుమని కన్నుల యెదుట నుండును. పెండ్లియై ఎన్నేండ్లైనది, ఎందఱు బిడ్డలు పుట్టిరి, ఎందఱు బ్రతికియుండిరి, ఎందఱు పోయిరి యని సంసారముననున్న స్త్రీలను గూర్చి ఆ యేడు అడిగిరి. భార్య పోయిన పురుషులు ఆ గడులు వదలివేయవలసియుండగా, ఎందఱో వానిని గూడ నింపిరి. అధికారులు వానిపై గీత కొట్టిరి. గీత క్రింద అంకెలు నేటికిని చదువ వీలగుచున్నవి. అడుగనిదానికి చెప్పిన ఈ సమాధానములు, అడిగినదానికి చెప్పినవానికంటె నమ్మదగినవని నాకు తోచును.

ఇక వృత్తి గడిని వరుసగా చదివిన నేమి తెలియునో ఒక మనిషిని ఊహించి చూతము. వాడు 1870 ప్రాంతమున లాంకషైరులోని ఓల్డాం పట్టణమున పుట్టినాడనుకొందము. 1881 లో వాని పేరెదుట ఒక పూట నూలుమిల్లు, ఒక పూట బడి అని యుండును. ఆ దినములలో పదేండ్ల బాలునికది చట్టసమ్మతమే. 1891 లో వడుకు యంత్రముల నడుమ పరుగులిడుచు తెగిన పోగులను అతుకు కుఱ్ఱవాడు. 1901 లో తానే వడుకరి. యంత్రముల జతకు అధికారి, తన కూలిలోనుండియే అతుకు కుఱ్ఱవారికి కూలి పంచువాడు. 1911 లో అదే వృత్తి స్వహస్తముతో. 1921 లో మిల్లు పేరు, దాని ప్రక్కన పని లేదను మాట. అది నూలు వ్యాపారము కుప్పకూలిన యేడు. నలువదియేండ్ల శ్రమకు మనకు చిక్కినవి ఐదు పంక్తులు, అనగా లెక్క జరిగిన ఐదు రాత్రులు. ఆ రాత్రుల నడుమ జరిగినది ఆ పుస్తకములకు తెలియదు. 1892 నవంబరు మొదలు 1893 మార్చి వఱకు ఓల్డాం ప్రాంతపు మిల్లు యజమానులు కూలి తగ్గింపునకై తలుపులు మూసివేయగా వడుకరుల కుటుంబములు ఇంచుమించు ఇరువది వారములు కూలి లేక గడపిరి. బ్రూక్‌లాండ్సు ఒప్పందముతో గాని తలుపులు తెఱవబడలేదు. మన వడుకరి జీవితమున అంతకంటె పెద్ద సంఘటన లేకపోవచ్చును. 1891 వ లెక్కకు అది ఇంకను రాలేదు, 1901 వ లెక్కకు అది గతించిపోయినది. ఆ కుఱ్ఱవాడు అతికిన పోగులలో కొన్ని ఓడలెక్కి మన నేతపేటలకు చేరియుండుటయు అసంభవము కాదు. నూలు వెంట మనుష్యుల కథ రాలేదు.

కావున ఈ పుస్తకములు చదువునపుడు మొదట ఆయా సంవత్సరముల గణకులకిచ్చిన సూచనలను చదువవలెను. 1851 లో వర్గీకరణము తీర్చిన విలియం ఫార్ వైద్యుడు. ఏ పదార్థముతో పని చేయువాడు ఏ రోగమున, ఏ వయస్సున చనిపోవుచున్నాడను చింత ఆయనది. అందుచే ఆయన పట్టికలలో మనుష్యులు తాము ముట్టుకొను పదార్థమును బట్టి కూర్చబడిరి. వస్తువును చేయువాడు, దానిని అమ్ముకొనువాడు ఒకే వర్గమున పడిరి. ఆయనకది సరిపోయెను, తన తాత కమ్మరియా, ఇనుము వర్తకుడా యని తేల్చుకొనదలచిన మనుమనికది సరిపోదు. ఆ పట్టికలకై లెక్కించిన గుమస్తాలు మూలపుస్తకములపైననే వృత్తి మాటల మీదుగా అడ్డగీతలు, టిక్కులు వేసికొనుచు పోయిరి; నేడు తెఱపై ఆ పుటను పెద్దదిగా చేసి చూచువానికి తాత వృత్తికంటె ముందు ఆ గీతలే కనబడును. స్త్రీల విషయము మఱింత అధ్వాన్నము. చెప్పులు కుట్టువాని భార్య, పొలము కాపు భార్య అని 1851 లో వారికొక స్థానమైన నిచ్చిరి గాని, 1881 నాటికి ఇంటిపని చేయు స్త్రీ వృత్తిలేనివారిలో చేరిపోయెను. ఎడ్వర్డ్ హిగ్స్ అను చరిత్రకారుడు ఈ విషయమును సూక్ష్మముగా పరిశీలించి, ఇంటి యజమానియో గణకుడో పని యనుకొన్నదే పని యై కాగితమెక్కినదని నిరూపించెను. ఆయన మాటను త్రోసిపుచ్చుట కష్టము. పంటకోతలకు మాత్రము పోవు స్త్రీ, మార్చి ఏప్రిలు మాసములలో గణకుడు తలుపు తట్టునపుడు ఏ పనియు చేయుచుండదు కదా.

పోయినవానిని గూర్చి రెండు మాటలు చాలును. ఇంగ్లండులో 1931 నాటి పత్రములు 1942 డిసెంబరులో మిడిల్‌సెక్సులోని హేస్ గిడ్డంగిలో తగులబడెను. 1941 లో యుద్ధము వలన లెక్కయే జరుగలేదు. ఆ నడుమ 1939 సెప్టెంబరు 29 న గుర్తింపు చీటీలకై వ్రాసిన పట్టిక యొకటి మిగిలి లోటు కొంత తీర్చుచున్నది. ఐర్లండులో 1901, 1911 లెక్కలు నిలిచినవి; 1861, 1871 నాటివానిని ప్రభుత్వమే నాశనము చేయించెను; వానికి తరువాతి రెండును మొదటి ప్రపంచయుద్ధకాలమున కాగితపు గుజ్జైనవి; అన్నిటికంటె పాతవి చాలవఱకు 1922 లో డబ్లిను దస్తావేజుల భవనముతో బూడిదయ్యెను. అమెరికాలో 1890 నాటివి 1921 జనవరి అగ్నిప్రమాదమున చెడి, పిమ్మట ఇంచుమించు నిశ్శేషమైనవి.

ఐనను పనిపాటల విషయమున అమెరికా 1940 లెక్కకు సాటి వచ్చునది నేను చూచినవానిలో లేదు. అచట గోప్యత 72 ఏండ్లు. అందుచే అది 2012 ఏప్రిలులో బయటపడెను. ఆర్థికమాంద్యము దేశమును నమిలి విడిచిన కాలమగుటచే ప్రభుత్వమునకు పనిని గూర్చియే ఆరాటము. మార్చి 24 మొదలు 30 వఱకు గడచిన వారములో ఎన్ని గంటలు పని చేసితివి? లేనిచో ప్రభుత్వము నడపు సహాయపు పనులలో నున్నావా? పని వెదకుచున్నావా? 1939 లో మొత్తము ఎన్ని వారములు పని దొరకినది? ఎంత కూలి ముట్టినది? ఈ సమాధానములు చెప్పిన మనిషి ఆ ఇంటిలో ఎవరో తెలియుటకు వాని పేరు ప్రక్కన సున్న చుట్టిన ఇంటూ గుర్తు వేసిరి. ఇది చిన్న సంగతి కాదు. భర్త కూలిని భార్య చెప్పినదా, బాడుగవాని సంగతి ఇంటి యజమానురాలు చెప్పినదా యని తెలియుటతో సాక్ష్యమునకు సాక్షి దొరకినట్లైనది.

ఇక మన దేశమునకు వచ్చుదము. ఇచట లెక్క జరుగకపోలేదు. ఆ కాలమున ప్రపంచమున అంత పెద్ద లెక్క మఱియొకటి లేదు. 1871 నవంబరు 15 న మదరాసు రాజధానిలో జరిగినది. 1881 ఫిబ్రవరి 17 న దేశమంతట ఒకే రాత్రి జరిగినది. అది మొదలు 1931 వఱకు ఆ ఒకరాత్రి పద్ధతియే సాగినది. తిరునాళ్ళును, పెండ్లి ముహూర్తములును లేని, వెన్నెల గల రాత్రిని వెదకి నిర్ణయించెడివారు. కొన్ని వారములు ముందుగనే కరణములు, బడిపంతుళ్ళు ఇంటింటికి తిరిగి, తలుపుల మీద అంకెలు వేసి, పేరు, కులము, వయస్సు, వృత్తి నల్లసిరాతో వ్రాసి పెట్టుకొందురు. ఆ రాత్రి దీపము పట్టుకొని మరల వచ్చి, చనిపోయినవారిని, ఊరు విడిచినవారిని కొట్టివేసి, పుట్టినవారిని, వచ్చిన చుట్టములను ఎఱ్ఱసిరాతో చేర్తురు. సేవ, కూలి, వ్రాతపని వంటి తేలిక మాటలు వ్రాయరాదనియు, కులవృత్తి కాక నిజముగా దేనితో పొట్ట గడచుచున్నదో అది వ్రాయవలెననియు వారికి ఆదేశము. 1901 నుండి ముఖ్యవృత్తి, ఉపవృత్తి వేఱువేఱు గడులు. అనగా వ్యవసాయమే గాక వేసవిలో బండి తోలుకొను తాతయు, పౌరోహిత్యమే గాక కౌలు సేద్యమున్న తాతయు ఆ కాగితమున ఉన్నది ఉన్నట్లు నిలువవలసినవారే.

నిలిచిరి, కొన్ని మాసములు. ఆ పుస్తకములలోని వివరములు తలకొక చీటీ చొప్పున ఎక్కింపబడి, ఆ చీటీలు పావురపు గూళ్ళ వంటి అఱలలో వేర్పరుపబడి, మొత్తములు తేలి, పట్టికలు అచ్చైన పిమ్మట మూలములతో ప్రభుత్వమునకు పని లేకపోయెను. 1931 లో 35 కోట్ల ప్రజల పేర్లను వ్రాసిన కాగితములు దాచుట కష్టమే కావచ్చును. ఐనను ఇంగ్లండులో పేర్ల పుస్తకములు దాచిన ప్రభుత్వమే ఇచట అన్నియు పాఱవేసెనని గమనింపక తప్పదు. అచట మనుష్యుడు పౌరుడు, ఇచట మొత్తములో ఒకటి. స్వాతంత్ర్యానంతరము 1948 వ సంవత్సరపు జనగణన చట్టము పదునైదవ విభాగమున ఈ పత్రములను ఎవరికిని చూపరాదనియు, న్యాయస్థానమున సాక్ష్యముగా స్వీకరింపరాదనియు శాసించెను. నూఱేండ్లకో డెబ్బదియేండ్లకో తెఱచు ద్వారము దానిలో లేదు. కావున తెలుగువాడు తన తాతను భారతదేశపు జనాభా లెక్కలలో వెదకుట వ్యర్థప్రయాస.

మొత్తములు మాత్రము మిగిలినవి కదా, తాత లేకున్న తాత ఊరైన దొరకదా యనవచ్చును. కొంత దొరకును. 1951 నుండి వెలువడిన జిల్లా జనాభా కరదీపికలలో ఆ యేటి ఎనిమిది జీవనోపాధి వర్గములు గ్రామమువారీగా కలవు. 1961 లో ఆంధ్రప్రదేశమున ఎంపిక చేసిన గ్రామములపై వేఱుగా గ్రంథములే వెలువడినవి. అంతకు పూర్వపు వృత్తి పట్టికలతో మాత్రము జాగ్రత్త వలయును. 1881 మొదలు 1931 వఱకు వ్యవసాయముపై బ్రతుకువారి పాలు పెరిగినట్లు పైకి కనబడుటచే, చేతిపనులవారు మగ్గములు, కొలుములు విడిచి నాగలి పట్టిరని పెక్కురు నిర్ణయించిరి. డేనియల్ థార్నర్ 1962 లో ప్రకటించిన పరిశీలనములో ఆ పట్టికలను విప్పి చూపెను: ఏ పని యని చెప్పని కూలివారిని వ్యవసాయముతోను, వస్తువులు చేయువారిని అమ్మువారితోను కలిపి చూచినచో, పురుషుల విషయమున ఆ యేబదియేండ్లలో గొప్ప మార్పేదియు లేదు, మార్పు వలె కనబడినది వర్గముల పేర్లు మాఱుటయే. స్త్రీల అంకెలు నమ్మదగనివని ఆయన ప్రక్కన పెట్టెను. నేతవాండ్రు చెడలేదని దీని యర్థము కాదు. వారి పతనము చాలవఱకు 1881 కి పూర్వమే జరిగియుండవచ్చునని ఆయనయే సూచించెను. పురుషుల లెక్కలో ఆయన వాదము నాకు సబబుగా తోచును. స్త్రీలను తీసివేసిన చోట అది కుంటుపడును, ఏలయన నూలు వడుకుట పోయినపుడు మొదట ఉపాధి పోయినది స్త్రీలకే.

ఇచట ఒక వింత కలదు. స్వగ్రామమున నిలిచిన తెలుగువాని పేరును పాఱవేసిన రాజ్యమే, సముద్రము దాటిన కూలివాని పేరును మచ్చలతో సహా దాచినది. 1860 నవంబరు 16 న ట్రూరో అను ఓడ మదరాసునుండి 342 మందితో డర్బను రేవు చేరినది మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నేటాలు చెఱకు తోటలకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందకూలీలుగా పోయిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాల తెలుగువారు వేలకొలది కలరు. ఓడ పట్టికలో తలకొక సంఖ్య. దాని వెంట పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై గుర్తులు. ఎడమ భుజముపై కాలిన మచ్చ, నుదుట పచ్చబొట్టు, ఇట్టివి. పిమ్మట ఏ యజమానికి అప్పగింపబడెనో అది. ఐదేండ్ల ఒప్పందము, నెలకు మొదటి యేడు పది షిల్లింగులు, ఏటికొక షిల్లింగు చొప్పున హెచ్చింపు. కావున అచట తాత ఏ తేదీన ఏ తోటలో ఎంత జీతమునకు చేరెనో ఇంచుమించు చెప్పవచ్చును. 1895 నాటి చట్టముచే ఒప్పందము తీరినను తిరిగి రానివారిపై విధింపబడిన మూడు పౌనుల పన్ను 1914 లో గాని తొలగలేదు. ఆ పన్ను కాగితములలో మరల వాని జాడ తగులును. మారిషస్సు వలస పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు కలవు. వానిలో పెక్కింటికి ఛాయాచిత్రములు గూడ నుండుట విశేషము. ఫిజీకి 1903 నుండి మదరాసు ఓడలు పోయినవి. ఆ వలస చీటీలును నిలిచియున్నవి. ఈ జాగ్రత్త అంతయు ప్రేమచే కాదు. ఓడకూలి పెట్టి తెప్పించిన మనిషి పారిపోయినచో పట్టుకొనుటకు మచ్చ వలయును, చనిపోయినచో లెక్క తీర్చుటకు సంఖ్య వలయును. ఎవనిపై ఎవనికి బాకీ యుండెనో వాని పేరే నిలిచినది.

బర్మాకు పోయినవారి సంగతి దీనికి విరుద్ధము. శ్రీకాకుళము, విశాఖ, గోదావరి ప్రాంతములలో ‘తాత రంగం పోయి వచ్చినాడు’ అను మాట వినని గ్రామము అరుదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి పొగయోడల పైతట్టున కిక్కిరిసి రంగూనునకు పోయి, బియ్యపు మిల్లులలో, రేవులో, పడవలలో, రిక్షాలతో బ్రతికిన ఈ జనులకు ప్రభుత్వముతో ఒప్పందము లేదు. బాకీ యంతయు కూలీలను తీసికొనిపోయిన మేస్త్రీ పద్దులోనే. ఆ పద్దులు మేస్త్రీలతో పోయినవి. 1931 నాటి లెక్కలో రంగూను జనులలో సగమునకు మించి భారతీయులే. ఆ లెక్క జరిగినది ఫిబ్రవరిలో, అనగా కొత్త ధాన్యము వచ్చి మిల్లులు రేయింబవళ్ళు నడచు ఋతువున. ఆ రాత్రి మన తీరపు గ్రామములలో తక్కువైన మగవారు అచట ఎక్కువైరి. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె, దాని వెనువెంట తెలుగువారిపై జరిగిన మారణకాండ, 1942 లో కొండలు, అడవులు దాటి నడచివచ్చిన మహాప్రస్థానము చరిత్రలో నున్నవి. అందులో మన తాత పేరు మాత్రము ఎచటను లేదు. రంగం తాతను వెదకువానికి కాగితమునకంటె ముసలివారి నోటిమాటయే శరణ్యము.

ఇక ఇల్లు కదలని తాతకు, భూమి కాగితములే దిక్కు. 1858 లో నెలకొల్పిన ఇనాము కమీషను వ్రాయించిన రిజిస్టర్లలో అగ్రహారములు, దేవాదాయములు మాత్రమే గాక చాకలి, మంగలి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మొదలగు గ్రామసేవకుల మాన్యములు గూడ అనుభవదారుల పేర్లతో కలవు. ఊరి పనిచేసి బ్రతికిన తాతల విషయమున ఇంతకంటె పాత లిఖితసాక్ష్యము సామాన్యముగా దొరకదు. రైతువారీ గ్రామములైనచో సెటిల్మెంటు రిజిస్టర్లు, అడంగళ్ళు, చిట్టాలు తరువాతి కథ చెప్పును. అడంగలులో ఏ ఫసలీకి ఏ నంబరులో ఏ పంట వేసినది ఉండును. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తు సంవత్సరమగును. విజయనగరము, బొబ్బిలి, పిఠాపురము వంటి జమీలలోని రైతు, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువఱకు, సర్కారు లెక్కకంటె దివాణపు లెక్కకే దగ్గఱివాడు. తెలంగాణమున సేత్వారులు, వసూలు బాకీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ కలవు. పాతవి ఉర్దూలో నుండుటచే చదువువాని సాయము లేక ముందుకు పోలేము. 1984 లో కరణము మునసబుల పదవులు రద్దగునపుడు చేతులు మాఱిన గ్రామ లెక్కలన్నియు ఒకే తీరున భద్రపడలేదు.

ఐనను జీవనోపాధి మాఱిన తీరును పట్టి యిచ్చునవి, నా యభిప్రాయమున, రిజిస్ట్రారు కచ్చేరీలోని దస్తావేజులు. ‘ఫలానావారి కుమారుడు, ఫలానా వృత్తి, ఫలానా గ్రామ కాపురస్థుడు’ అను పంక్తి లేని దస్తావేజు తెలుగునాట అరుదు. తనఖాపత్రము, అమ్మకపుపత్రము, భాగపరిష్కారము వరుసగా పెట్టి చదివినచో, ఒకే మనిషి ఒకచోట నేత వృత్తి, మఱియొకచోట వర్తకము, ఇంకొకచోట వ్యవసాయమని వ్రాయించుకొన్న సంవత్సరములు బయటపడును. ఎందులకు అప్పు చేసెనో ఆ కారణమును గూడ వ్రాయుట మనవారి ఆచారము. ‘ఎడ్ల కొనుగోలు నిమిత్తము’, ‘కుమార్తె వివాహము నిమిత్తము’, ‘పూర్వపు ప్రామిసరీ నోటు బాకీ చెల్లు నిమిత్తము’ అను మాటలు పది జనాభా లెక్కలకంటె ఎక్కువ చెప్పును. రైల్వేలోనో, పోలీసులోనో, బడిలోనో కొలువు చేసిన తాతకు సర్వీసు రిజిస్టరుండును: చేరిన తేదీ, జీతము, బదిలీలు, సెలవులు, శిక్షలు. బడిలో చేర్చునాడు పిల్లవాని పేరు ప్రక్కన తండ్రి వృత్తిని వ్రాసిన రిజిస్టరు అందఱికంటె పేదవానిని గూడ పట్టుకొనును. భూమి లేనివానికి దస్తావేజు లేదు, కొడుకు బడి మెట్టు ఎక్కినచో మాత్రము ఆ పంక్తియందు వాడు నిలుచును.

అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ కాగితములలో భార్యలుగానే కనబడుదురు. 1931 లెక్కలో, ఇంటి మగ్గము కడ కండెలు చుట్టు స్త్రీకి పని చేయు ఆశ్రితురాలని యొక గడి యిచ్చిరి గాని ఆ కాగితములు పోయినవి. నేటాలు పట్టికలో మాత్రము భర్తతో పోయిన స్త్రీకిని వేఱు సంఖ్య, తండ్రి పేరు, గ్రామము కలవు. స్వదేశమున స్త్రీ పేరు స్వతంత్రముగా నిలుచునది పసుపుకుంకుమల క్రింద పుట్టింటివారు వ్రాసియిచ్చిన భూమి పత్రములో. ఆ పత్రము పెట్టె అడుగున దొరకినచో పాఱవేయక చదువవలెను. దానిలో ఇచ్చినవాని వృత్తియు కాపురపు గ్రామమును వ్రాసియుండును గనుక, తండ్రివైపు తాతను వెదకబోయినవానికి తల్లివైపు తాత ముందుగా చిక్కుట కద్దు.